ఎవరికి ఏ పని చేతనవుతుంది?

ఆరోగ్య కేంద్రాల్లో సిబ్బంది పనిని మెరుగుపరచడానికి రెండు దారులున్నాయి. లోపాలు వెతికి సరిదిద్దడం ఒకటి. ఎవరికి ఏ పని బాగా వచ్చో కనిపెట్టి, ఆ పని వారికి అప్పగించి, అందులోని కిటుకును మిగతావారికి చేర్చడం రెండోది. మొదటిది అందరికీ అలవాటే. మెమోలు, సంజాయిషీలు, టార్గెట్ల పట్టికలు దాని పనిముట్లు. రెండోదాన్ని బలాల పద్ధతి అనవచ్చు. సిబ్బంది మనసు కుదుటపడాలన్నా, రోగి పట్ల దయ రోజూ నిలవాలన్నా ఈ రెండో దారే ఎక్కువ పనికొస్తుంది. దీనికి ఖర్చు కూడా దాదాపు లేదు. మరి ఎందుకు వాడుకలోకి రాలేదు? రేపు ఉదయం ఏం చేయాలో ఎవరూ విడమరచి చెప్పకపోవడం ముఖ్య కారణం.

పల్నాడు జిల్లా నాదెండ్ల మండలాన్నే తీసుకుంటే, చిలకలూరిపేటకూ నరసరావుపేటకూ మధ్య ఉన్న ఈ ఊళ్లలో పత్తి, మిరప పండుతాయి. గణపవరంలో నూలు మిల్లులున్నాయి. ఇలాంటి చోట ఆరోగ్య కార్యకర్త పని ఆఫీసు వేళల్లో ఇమడదు. కూలీలు పొలం బాట పట్టకముందే గర్భిణిని కలవాలి, లేదంటే పొద్దుగూకాక మళ్లీ వెళ్లాలి. మిల్లు కార్మికులను షిఫ్టు మారే వేళ పట్టుకోవాలి. మిరప కోతలకు బయటి ఊళ్ల నుంచి వచ్చినవారి పిల్లలకు ఏ టీకా పడిందో, కార్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. మైదాన ప్రాంతాల్లో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 1,000 మందికి ఒక ఆశా కార్యకర్త ఉండాలన్నది జాతీయ ప్రమాణం. 2023 ఏప్రిల్ 6న ఈ జిల్లాలోనే, లింగంగుంట్లలో, ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలయ్యాక వైద్యులు 104 వాహనంతో పాటు ఊళ్లకు వెళ్లి చూడటం పెరిగింది. మంచానపడ్డ ముసలివారికి అది పెద్ద ఊరట. దాని వెనక రోగుల జాబితాలు తయారుచేసేది, ఇంటింటికీ కబురు పెట్టేది, ఆ తర్వాత వివరాలన్నీ ఫోన్లో ఎక్కించేది మాత్రం పాత సిబ్బందే.

అలసట ఇక్కడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తి అలసటను పనికి సంబంధించిన పరిస్థితిగా నిర్వచిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి ఉడిగిపోవడం, పని మీద విముఖత పెరగడం, తాను చేసేదాని వల్ల ఏమీ ఒరగడం లేదనిపించడం. పీహెచ్‌సీలో వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకప్పుడు ప్రతి బాలింతనూ పేరుపెట్టి పిలిచిన ఏఎన్‌ఎం ఇప్పుడు 'ఆ మూడో ఇంటి కేసు' అంటుంది. స్టాఫ్ నర్సు ఓపీ చీటీ మీద నుంచి తల ఎత్తదు. అంత మంచి మనిషికి కసురుకునే గుణం ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు ఆమె గుణం మారలేదు. నెలల తరబడి ఆమె చేసిన మంచిని ఎవరూ చూడలేదు, తప్పును మాత్రం అందరూ చూశారు.

బలాల పద్ధతికి మూలాలు ఆస్పత్రిలోనే ఉన్నాయి. అమెరికాలో డేవిడ్ కూపర్‌రైడర్ అనే పరిశోధక విద్యార్థి క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆస్పత్రిని అధ్యయనం చేస్తూ, సమస్యలను వదిలి, అక్కడ పని బాగా జరిగిన సందర్భాలను వెతకడం మొదలుపెట్టాడు. అతని గురువు సురేశ్ శ్రీవాస్తవ భారతీయుడు. ఇద్దరూ కలిసి 1987లో ఆ ఆలోచనను ప్రచురించారు. 2004లో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ మనుషుల గుణబలాలను 24గా వర్గీకరించారు. సిద్ధాంతం ఇంతవరకు చాలు. చేయాల్సిన పనులు కింద ఉన్నాయి.

1. సమీక్షలో మొదటి ప్రశ్న మార్చాలి

నెలవారీ సమీక్ష చాలాచోట్ల మిరప కల్లంలో తాలుకాయలు ఏరినట్టు సాగుతుంది. ఏ ఊళ్లో టీకాలు తగ్గాయి, ఎవరు ఎంట్రీలు చేయలేదు అన్నదే చర్చ. బాగా జరిగిన ఊరి పేరు వస్తే 'సరే, నెక్స్ట్' అని దాటేస్తారు. నిజానికి నేర్చుకోదగ్గది ఆ ఊళ్లోనే ఉంది.

ఒక సందర్భం ఊహించుకోవచ్చు. ఒక పీహెచ్‌సీ పరిధిలో చాలామంది తల్లులు మొదటి పెంటావలెంట్ డోసు వేయించి రెండోదానికి రావడం లేదు. టీకా వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది, అత్తగారు కోప్పడింది, అంతటితో ఆగిపోయింది. ఒక్క ఊళ్లో మాత్రం అందరూ వస్తున్నారు. అక్కడి ఆశా కార్యకర్తను వైద్యాధికారి అడగాల్సిన ప్రశ్న: 'నీ ఊళ్లో అందరూ ఎలా వస్తున్నారమ్మా? మొదటి నుంచి చెప్పు.' ఆమె చెప్పేది ఇలా ఉండొచ్చు: 'టీకా వేయకముందే జొరం వస్తదని అత్తగారికే చెబుతానండీ, కోడలికి కాదు. సాయంత్రం ఒకసారి ఇంటికి పోయి బిడ్డ ఒళ్లు చూసొస్తా. నేను పోతే వాళ్లకి ధైర్యం.' ఇందులో రెండు కిటుకులున్నాయి. జ్వరం గురించి ముందే చెప్పడం, అదీ ఇంట్లో మాట చెల్లే మనిషికి చెప్పడం ఒకటి. అదే సాయంత్రం మళ్లీ కనిపించడం మరొకటి. ఏ శిక్షణ పుస్తకమూ ఇంత సూటిగా నేర్పదు. మిగతా ఆశాలు తమ తోటి మనిషి నోటి నుంచి వింటారు కాబట్టి నమ్ముతారు.

1990ల మొదట్లో వియత్నాంలో జెర్రీ స్టెర్నిన్, మోనిక్ స్టెర్నిన్ దంపతులు చేసింది ఇదే. పేద ఊళ్లలో పిల్లలు బక్కచిక్కిపోతుంటే, అదే పేదరికంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి వారి తల్లులు ఏం పెడుతున్నారో చూశారు. వరిపొలాల్లో దొరికే చిన్న రొయ్యలు, పీతలు, చిలగడదుంప ఆకులు అన్నంలో కలిపి, రోజుకు ఎక్కువసార్లు పెడుతున్నారని తేలింది. ఆ తల్లుల పద్ధతినే ఊరంతా నేర్చుకుంది.

సమీక్షలో మొదటి పది నిమిషాలు ఇలాంటి ఒక్క ఊరికి కేటాయిస్తే చాలు. వెనకబడిన ఊళ్ల గురించి ఆ తర్వాత మాట్లాడవచ్చు. అప్పటికి గదిలో ఒక పరిష్కారం వినబడి ఉంటుంది.

2. బలాన్ని పని పేరుతో చెప్పాలి

'చాలా మంచి పిల్ల', 'ఓర్పు ఎక్కువ' లాంటి మాటలు వినడానికి బాగుంటాయి, ఉపయోగం తక్కువ. చూసిన పని, చూసిన తీరు చెప్పాలి. 'నిన్న ఆ పిల్లాడి చేతికి సూది గుచ్చేముందు వాడితో బడి కబుర్లు చెప్పించావు, వాడు ఏడవలేదు' అంటే ఆ ల్యాబ్ టెక్నీషియన్‌కు తన బలం ఏమిటో తెలుస్తుంది, రేపు మళ్లీ అలాగే చేయాలనిపిస్తుంది.

దీనికి సూపర్‌వైజరు దగ్గర చిన్న నోటుబుక్కు ఉంటే మంచిది. వారానికి సిబ్బందిలో ఇద్దరి పని దగ్గరగా చూసి, ఒక్కొక్కరి గురించి ఒక్క వాక్యం రాసుకోవాలి. మూడు నెలల్లో పుస్తకం నిండా పనికొచ్చే సంగతులు చేరతాయి. తాగివచ్చిన మగమనిషితో కూడా బీపీ మాత్ర వేయించగల ఆరోగ్య సహాయకుడు. మందుల గదిలో ఏది ఎప్పుడు అయిపోతుందో చీటీ చూడకుండా చెప్పగల ఫార్మసిస్టు. పరాయి భాష మాట్లాడే మిల్లు కార్మికుడితో సైగలతోనే సంగతి రాబట్టే ఏఎన్‌ఎం. ఆస్పత్రి ఊడ్చే అమ్మను మరచిపోకూడదు. ఏ గర్భిణి బయట చెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఏడుస్తోందో అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

తమ బలం చెప్పమంటే చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, 'నాకేం వచ్చండీ' అంటారు. అందుకే ఆ ప్రశ్న పక్కవారిని అడగాలి. 'నీకు సెలవు కావాల్సి వస్తే నీ పని ఎవరికి అప్పజెప్పి నిశ్చింతగా ఉంటావు? ఎందుకు?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబులో తోటివారి బలాలు వాటంతటవే బయటపడతాయి.

3. పనిని బలం వైపు జరపాలి

గుర్తించడంతో ఆగిపోతే అది పొగడ్తే అవుతుంది. పనిలో మార్పు కనబడాలి. ఒక ఏఎన్‌ఎంకు తల్లులతో మాట్లాడటంలో మంచి నేర్పు ఉంది, ఫోన్లో వివరాలు ఎక్కించేటప్పుడు మాత్రం చెమటలు పడతాయి. పక్క ఉపకేంద్రం అమ్మాయి యాప్‌లు వేళ్ల మీద ఆడిస్తుంది, మొండికేసిన అత్తగారి ముందు మాత్రం నోరు పెగలదు. వారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ కలిసి కూర్చుని ఎంట్రీలు పూర్తిచేసి, మరో ఉదయం ఇద్దరూ కలిసి టీకాకు ఒప్పుకోని ఇళ్లకు వెళితే? ఇద్దరి పనీ అవుతుంది, ఇద్దరూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు, ఇద్దరికీ ఒక తోడు దొరుకుతుంది. పల్లెల్లో ఒంటరిగా తిరిగే కార్యకర్తకు ఆ తోడు చిన్న విషయం కాదు.

దీనికి హద్దులున్నాయి. అర్హత, శిక్షణ అవసరమైన పనులను సర్దుబాటు పేరుతో వేరొకరికి ఇవ్వకూడదు. ఇంజెక్షను చేయాల్సినవారే చేయాలి, కాన్పు చూడాల్సినవారే చూడాలి. తన ఊరి గణాంకాలకు ఎవరు జవాబుదారో కూడా మారకూడదు. మారేది పని చేసే తీరు, చేసే వేళ, పక్కన ఉండే మనిషి.

ఈ మెట్టు దగ్గరే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. బాగా చేసేవారి నెత్తినే అన్నీ పెట్టడం. 'నువ్వైతే చేస్తావమ్మా' అన్న ఒక్క మాటతో కష్టమైన కేసులన్నీ ఓర్పున్న నర్సు దగ్గరికి, రిపోర్టులన్నీ కంప్యూటరు వచ్చిన కుర్రాడి దగ్గరికి చేరతాయి. ఏడాది తిరిగేసరికి ఆ నర్సుకు ఓర్పు మిగలదు. బలం ఉన్నచోటుకి ఒక పని జరిపినప్పుడల్లా అక్కడి నుంచి ఇంకో పని తీసేయాలి. తీసేయడానికి ఏమీ లేకపోతే కొత్త పని ఇవ్వకూడదు. వైద్యాధికారి ఈ ఒక్క నియమం పాటించగలిగితే మిగతా తప్పులు చాలావరకు సర్దుకుంటాయి.

4. బరువు దించుకునే చోటు కల్పించాలి

పురుగుమందు తాగిన రైతును వరండాలోకి మోసుకొస్తారు. కడుపు శుభ్రం చేసి, 108 ఎక్కించి పంపుతారు. దారిలోనే పోయాడని సాయంత్రానికి తెలుస్తుంది. ఆ నర్సు మర్నాడు తొమ్మిదింటికల్లా ఓపీలో చీటీలు రాస్తూ ఉంటుంది. ఆమెను ఎవరైనా 'రాత్రి నిద్రపట్టిందా?' అని అడిగారా?

బోస్టన్‌కు చెందిన కెన్నెత్ ష్వార్ట్జ్ అనే న్యాయవాది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో చనిపోయారు. చికిత్స రోజుల్లో సిబ్బంది చూపిన చిన్నచిన్న దయలు తనను నిలబెట్టాయని ఆయన రాశారు. ఆయన పేరుతో ఏర్పడిన సంస్థ ఆస్పత్రుల్లో ఒక ఏర్పాటు తెచ్చింది. డాక్టర్లు, నర్సులు, తక్కిన సిబ్బంది అందరూ ఒకచోట చేరి, కేసు వైద్యం గురించి గాక, ఆ కేసు తమ మనసును ఏం చేసిందో చెప్పుకుంటారు. ఇప్పుడు చాలా దేశాల ఆస్పత్రుల్లో ఇది నడుస్తోంది.

పీహెచ్‌సీలో దీనికి వేరే సమావేశం పెట్టనక్కరలేదు. ఆశా కార్యకర్తల సమావేశం జరిగే ఆశా డే నాడు అందరూ ఎలాగూ వస్తారు. టీ తాగే వేళ అరగంట చాలు. నియమాలు మాత్రం గట్టిగా ఉండాలి. రోగి పేరు చెప్పకూడదు. ఎవరూ తీర్పు చెప్పకూడదు, 'నువ్వు అలా చేయాల్సింది' అనకూడదు. మినిట్స్ రాయకూడదు, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. మాట్లాడటం ఇష్టంలేనివారు వింటే చాలు. మొదట వైద్యాధికారే తన మనసులోని ఒక సంగతి చెబితే మిగతావారికి నోరు పెగులుతుంది. ఆపైన ఒక్క ప్రశ్న అడగాలి: 'ఆ రోజు నిన్ను నిలబెట్టింది ఏంటి?' ఒకరు తోటి నర్సు పేరు చెబుతారు, ఒకరు ప్రార్థన అంటారు, ఒకరు ఇంటికెళ్లి బిడ్డను పక్కన పడుకోబెట్టుకున్నానంటారు. ఆ జవాబులు కూడా బలాలే.

5. రోజు చివర మూడు మంచి సంగతులు

పడుకోబోయేముందు ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు, వాటిలో తన పాత్ర రాసుకోవడం. రెండు వారాలు చేస్తే సరిపోతుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ సెక్స్టన్ బృందం ఆస్పత్రి సిబ్బందితో దీన్ని విస్తృతంగా చేయించింది. ఇష్టమైనవారు చేస్తారు. దీన్ని ఒక రిజిస్టరుగా మార్చి సంతకాలు తీసుకుంటే ఉన్న రిజిస్టర్లకు మరొకటి తోడవుతుంది.

6. రోగి విషయంలోనూ అదే ప్రశ్న

సిబ్బంది తమ బలం గురించి ఎవరో అడగ్గా విన్న తర్వాత, అదే ప్రశ్న రోగిని అడగడం వారికి తేలికవుతుంది. దయతో కూడిన సేవ అంటే తియ్యగా మాట్లాడటమే అనుకుంటారు. రోగి ఇప్పటికే ఏం చేయగలుగుతున్నాడో గమనించి అక్కడి నుంచి మొదలుపెట్టడంలో అసలు దయ ఉంది. షుగరు మాత్రలు మధ్యమధ్య మానేస్తున్న పెద్దావిడతో జరిగే మాటలు రెండు రకాలుగా ఉండొచ్చు. మొదటి రకం అందరూ విన్నదే: 'మామ్మా, మళ్లీ మానేశావా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?' ఆవిడ తల దించుకుంటుంది, వచ్చే నెల క్లినిక్కుకే రాదు.

రెండో రకం ఇలా ఉంటుంది.

'మామ్మా, ఈ నెల్లో మాత్ర వేసుకున్న రోజులే ఎక్కువున్నాయే. ఆ రోజుల్లో ఎట్టా గుర్తొచ్చింది నీకు?'

'మనవడు బడికి పోయేటప్పుడు అన్నం పెడతా గదమ్మా. అప్పుడే నేనూ తిని ఏసుకుంటా.'

'మరి మానేసిన రోజులు?'

'ఆదివారాలే తల్లీ. బడి ఉండదుగా.'

మామ్మ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. ఆవిడకు ఒక పద్ధతి ఉంది, దానికి వారంలో ఒక్క రోజు చిల్లు పడింది. ఆదివారం చర్చికి బయల్దేరేముందు వేసుకోవాలని ఇద్దరూ అనుకుంటే ఆ చిల్లు పూడుతుంది. ఈ సంభాషణకు పట్టే సమయం కసురుకోవడానికి పట్టేదానికన్నా ఒక నిమిషం ఎక్కువ. ఆ నిమిషం ఏఎన్‌ఎంకు కూడా మేలు చేస్తుంది, ఎందుకంటే తన పని ఫలించడం ఆమె కళ్లముందే కనబడుతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఆగస్టు 15కో జనవరి 26కో ఒకరికి ప్రశంసాపత్రం ఇచ్చి బలాల పద్ధతి అమలైందనుకోవడం మొదటి పొరపాటు. పత్రం రావడం మంచిదే, అది ఒక్కరికే వస్తుంది. ఈ పద్ధతి అందరికీ సంబంధించింది. ఏ బలమూ కనబడని మనిషి ఉంటే, చూసేవారు ఇంకా సరిగ్గా చూడలేదని అర్థం.

తప్పులను మాట్లాడకుండా దాటేయడం రెండోది. రక్తహీనత తీవ్రంగా ఉన్న గర్భిణిని హైరిస్కు జాబితాలో చేర్చకపోతే ఆ తప్పు ఆ రోజే, స్పష్టంగా, ఒంటరిగా పిలిచి చెప్పాలి. పదిమందిలో చెప్పకూడదు. 'నిరుడు రెండు హైరిస్కు కేసులను నువ్వే పట్టుకున్నావు, ఈసారి ఎక్కడ తప్పిపోయింది?' అని మొదలుపెడితే ఆమె సాకులు వెతుక్కోదు, కారణం వెతుకుతుంది.

అన్నిటికన్నా నొప్పి కలిగించే పొరపాటు, జీతం, ఖాళీలు, భద్రత గురించి అడిగినవారికి 'పాజిటివ్‌గా ఆలోచించండి' అని జవాబివ్వడం. భారత ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ఆ గౌరవానికి వారు పూర్తిగా అర్హులు. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం 10,000 రూపాయలకు పెరిగింది 2019లో. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ల వరకు పని చేసే వీలు ప్రకటించింది 2025లో. ఈ మేళ్లు వారు అడగగా అడగగా వచ్చినవి. ఒక నర్సు ఇద్దరి డ్యూటీ చేస్తున్నప్పుడు ఆమె బలాన్ని మెచ్చుకోవడం రెండో నర్సుకు బదులు కాదు. వైద్యాధికారి ఆ ఖాళీ గురించి జిల్లా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి, రాసిన సంగతి సిబ్బందికి చెప్పాలి కూడా. తమ తరఫున ఎవరో రాశారని తెలియడమే సగం ఊరట.

సిబ్బందిపై దాడి జరిగితే సర్దుకుపొమ్మని చెప్పకూడదు. వైద్య సిబ్బందిపై దాడులను నేరంగా పరిగణించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచే ఉంది. ఫిర్యాదుకు పైఅధికారి వెంట వెళ్లాలి. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, బతుకు మీద విరక్తి మాటలు రోజుల తరబడి కనబడితే అది తోటివారి ఓదార్పుతో తీరేది కాదు. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ నంబరు 14416 ఆరోగ్య సిబ్బందికి కూడా వర్తిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు. రోగులకు ఈ నంబరు చెప్పేవారు తమకోసం వాడుకోవడానికి వెనకాడతారు. అందుకే దాన్ని సిబ్బంది గదిలో కూడా గోడకు అంటించాలి.

పని చేస్తోందో లేదో తెలుసుకోవడం

మూడు నెలలయ్యాక కొన్ని విషయాలు చూడాలి. సమీక్షలో ఇదివరకు నోరు విప్పనివారు మాట్లాడుతున్నారా? ఒక ఊరి కిటుకు ఇంకో ఊరికి చేరిందా, అక్కడ రెండో డోసుకు వచ్చేవారు పెరిగారా? కష్టమైన కేసులు ఒక్కరి దగ్గరే పోగుపడుతున్నాయా, లేక పంచుకుంటున్నారా? చెప్పాపెట్టకుండా పెట్టే సెలవులు తగ్గాయా? రోగులు 'ఆ సిస్టర్ ఉందా?' అని పేరుపెట్టి అడుగుతూ వస్తున్నారా? వీటిలో కనీసం మూడింటికి మంచి జవాబు వస్తే పద్ధతిని అలాగే సాగనివ్వాలి. కష్టమైన కేసులు ఒక్కరి దగ్గరే పోగుపడుతుంటే మాత్రం మిగతా జవాబులు ఎంత బాగున్నా ముందు మూడో మెట్టుకు తిరిగి వెళ్లి, ఆ మనిషి నెత్తి మీద నుంచి ఏం తీసేయవచ్చో ఆమెనే అడిగి తేల్చాలి.